‘ఓకే’ పక్కన చుక్క

తమ్ముడు: నమస్తే. హనుమకొండలో అక్క వాళ్లింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. వెనక కూలర్ చప్పుడు వినిపిస్తే సర్దుకోండి. అక్కా, మొన్న కాజీపేటకు రైలు లేటు, ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుందని మెసేజ్ పెడితే ఏం జవాబిచ్చావో గుర్తుందా?

అక్క: ఓకే అని పెట్టాను గదా.

తమ్ముడు: ఓకే, పక్కన ఫుల్‌స్టాప్! కోపమొచ్చిందేమోనని దారంతా టెన్షన్ పడ్డా.

అక్క: పదిహేనేళ్లుగా బడిలో ఇంగ్లిష్ చెప్తున్నా. వాక్యం అయిపోతే చుక్క పెట్టాలి. అందులో కోపమెక్కడిదిరా?

తమ్ముడు: నాకొక్కడికే కాదక్కా. 2015లో అమెరికాలోని బింగమ్టన్ యూనివర్సిటీ వాళ్లు కాలేజీ పిల్లలకు కొన్ని మెసేజ్‌లు చూపించారు. ఒక్క మాట జవాబు చివర చుక్క ఉంటే, అది మనస్ఫూర్తిగా అన్నట్టు లేదన్నారు. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఆ తేడా కనిపించలేదు.

అక్క: అయితే తప్పు చుక్కది కాదు, ఫోన్‌ది. సెండ్ నొక్కితేనే మాట అయిపోయినట్టు. ఇక చుక్కతో పనేముంది? పని లేకపోయినా పెట్టామంటే, మనసులో ఏదో ఉందనుకుంటారు.

తమ్ముడు: ఎల్‌ఓఎల్ కూడా చూడు. పెద్దగా నవ్వుతున్నానని అర్థం. ఇప్పుడు "లేటవుతోంది ఎల్‌ఓఎల్" అంటున్నారు, అందులో నవ్వేదేముంది? జాన్ మెక్‌వోర్టర్ అనే భాషావేత్త, అది ఎదుటివాళ్లను కలుపుకుపోయే చిన్న పదంగా మారిందంటాడు.

అక్క: మనకిది కొత్తా? "వస్తా" వేరు, "వస్తాలే" వేరు, "వస్తా గదా" వేరు. "సరేరా" అంటే ప్రేమ. "సరేలే" అంటే అలిగినట్టు. మాట చివరి తోకను బట్టే మనసు తెలుస్తుంది మనకు. ఇంగ్లిష్‌లో ఆ పని ఎక్కువగా గొంతు చేసేది. ఫోన్‌లో గొంతు వినపడదు కాబట్టి వాళ్లూ తోకలు మొలిపించుకుంటున్నారు.

తమ్ముడు: మరి పరీక్ష పేపర్లలో?

అక్క: "యు" అని ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లున్నారు. మార్కు కోస్తా. అలాగని భాష చెడిపోయిందని మాత్రం అనను. ఓఎంజీ, అంటే ‘ఓ మై గాడ్’, ఈ కాలం పిల్లల పైత్యం అనుకుంటాం గానీ, 1917లోనే బ్రిటన్ అడ్మిరల్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది మాత్రం 2011లో.

తమ్ముడు: అమ్మకు ఈ గొడవే లేదు. అన్నీ వాయిస్ మెసేజ్‌లే.

అక్క: మధ్యలో కుక్కర్ విజిల్‌తో సహా! ఆగు, ఫోన్ మోగుతోంది... అమ్మే. రికార్డింగ్ ఆపు, లేకపోతే ఎందుకు ఎత్తలేదని ఇంకోటి పెడుతుంది.