తంగేడు పువ్వుకు ఐదు రేకులు

అందరికీ నమస్కారం. ముగ్గు లెక్కనూ మొక్క బొమ్మనూ ఒకే కాగితం మీద కలపాలని నేను పడిన తంటా గురించి చెబుతాను.

ముగ్గు వేయడం వచ్చినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. ‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందు చుక్క’ అంటే చాలు, మీ వేళ్లు కదులుతాయి. మొత్తం 37 చుక్కలు. వాటి మీద ఆరు రేకుల పువ్వు సులువుగా కుదురుతుంది. సందు చుక్క పెట్టగానే నేల మీద త్రిభుజాల వల పరుచుకుంటుంది, లోపలి ప్రతి చుక్క చుట్టూ ఆరు చుక్కలు వస్తాయి. హైదరాబాద్ పాతబస్తీలో, మొహర్రం సంతాపం జరిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడ మీద రంగుల పెంకులతో చేసిన ఆరు మూలల గడులు చూశారా? 1611 నాటికి పూర్తయిన పని అది. మా అమ్మ వాకిట్లో పెట్టే చుక్కల లెక్కా అదే.

మొక్కల బొమ్మ వేసేవాళ్ల దారి వేరు. సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కోసం మన దేశపు చిత్రకారులు మొక్కల బొమ్మలు వేశారు. వాటిలోంచి ఎంచినవి 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి, మొత్తం 300. అందులో ఒక్కో మొక్కా తెల్ల కాగితం మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. వెనక గోడ లేదు, నేల లేదు. ఆకు పురుగు తిన్నదైతే అలాగే వేసేవాళ్లూ ఉన్నారు. ఈ నిజాయితీ అంటే నాకు ప్రాణం.

ఈ రెండింటినీ ఒకే కాగితం మీదికి తేవాలని మొదటిసారి ప్రయత్నించినప్పుడు తంగేడు కొమ్మ తీసుకున్నాను. వెనక ఆరు మూలల గడులు గీసి, ముందు కొమ్మ వేశాను. కొమ్మ బాగా వచ్చింది, గడులూ బాగా వచ్చాయి. కానీ ఒకదానికొకటి చుట్టం కాదు. ఆ తంగేడు తీసి మందారం పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. ఈమధ్య ఇలాంటి బొమ్మలు చాలా చూస్తున్నాం. పువ్వు వెనక బంగారు గీతలు. కంటికి బాగుంటాయి, అంతే. నాకది చాలదు.

తర్వాత పువ్వును దగ్గర పెట్టుకుని రేకులు లెక్కపెట్టాను. ఐదు! ఐదు రేకుల పువ్వును ఆరు మూలల గడిలో కూర్చోబెట్టానన్నమాట. సీతాఫలం పువ్వుకైతే మూడు రేకులు, అది ఈ వలలో హాయిగా ఇమిడిపోతుంది. తంగేడు ఇమడదు. సరే, ఐదు మూలల గడులే గీద్దామంటే అవి సందు లేకుండా కలవవు. ఒక్కో మూల 108 డిగ్రీలు. మూడింటిని ఒక బిందువు దగ్గర చేరిస్తే 324 అవుతుంది. ఇంకా 36 డిగ్రీల సన్నని చీలిక మిగిలిపోతుంది. పర్షియా పనివాళ్లు ఐదు, పది మూలల నక్షత్రాలు అల్లినప్పుడు మధ్యలో వేరే ఆకారాలు నింపింది ఇందుకే. బతుకమ్మలో ఈ టెన్షన్ లేదు, వలయం ఎన్ని రేకులనైనా కలుపుకుంటుంది.

ఇంకో సంగతి. తంగేడు ఐదు రేకులూ ఒకే కొలతలో ఉండవు. డివైడర్‌తో కొలిచి చూడండి. స్కేలూ కంపాసూ పెట్టి వాటిని సమానం చేశామా, అది ఇక తంగేడు కాదు. అందుకే గడి గీతలను పక్కాగా గీస్తాను, రేకులను మాత్రం ఉన్నవి ఉన్నట్టే వేస్తాను. ఒక రేకు గీత దాటుతుంది, ఇంకొకటి గీతను అందుకోదు. ఆ తేడా కనిపించాలనే గడి గీస్తున్నాను. పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి ముందు రేకులు, గీతలు మర్నాడు. ఈ వరస మార్చి రెండుసార్లు దెబ్బతిన్నాను.

36 డిగ్రీల ఆ చీలికను ఏం చేయాలో చాలాకాలం తోచలేదు. తెల్లగా వదిలేశాను, రంగు నింపాను, రెండూ నచ్చలేదు. ఒకరోజు కొమ్మ కింద వేలాడుతున్న ఎండు కాయ మీద చూపు పడింది. పలచగా, పొడవుగా, లోపలి గింజల ఉబ్బు పైకి కనిపిస్తూ ఉంది. తీసి చీలిక మీద పెట్టాను. సరిపోయింది. మీ కుడివైపు గోడ మీద ఉన్న బొమ్మ అదే. దగ్గరికి వెళ్లి చూడండి, కాయ కొన మాత్రం కాస్త గీత బయటికి వచ్చి ఉంటుంది.