పువ్వు కాదు, అన్నీ ఆకులే: రోజెట్ సక్యులెంట్లని చూసి పెంచడం

[కుండీ మీద నుంచి దగ్గరి షాట్]

హాయ్ అండీ. స్క్రీన్ మీద ఉన్నది పువ్వు అనుకుంటున్నారా? కాదు, అన్నీ ఆకులే. పొట్టి కాండం చుట్టూ ఆకులు ఒత్తుగా, విచ్చిన గులాబీలా అమరితే దాన్ని రోజెట్ అంటాం. ఈ మొక్క ఎచెవేరియా, ఆకుల్లో నీళ్లు దాచుకునే సక్యులెంట్లలో ఒకటి. మెక్సికోలో మొక్కల బొమ్మలు గీసిన అటనాసియో ఎచెవెర్రియా అనే చిత్రకారుడి పేరు దీనికి 1828లో పెట్టారు. మొక్కని కనిపెట్టినాయన పేరు కాకుండా బొమ్మ గీసినాయన పేరు పెట్టడం నాకు భలే నచ్చింది.

[ఆకుల సుడి మీద వేలితో గీస్తూ]

మధ్యలో పుట్టే ప్రతి కొత్త ఆకూ ముందు ఆకు నుంచి సుమారు 137.5 డిగ్రీలు పక్కకి తిరిగి వస్తుంది, అందుకే ఒక ఆకు ఇంకో ఆకు నెత్తిన సరిగ్గా కూర్చోదు, అన్నిటికీ అంతో ఇంతో వెలుగు అందుతుంది. సుడులు లెక్కపెడితే చాలాసార్లు 5, 8, 13 లాంటి ఫిబొనాచీ సంఖ్యలు (ముందు రెండిటినీ కలిపితే తర్వాతది వచ్చే వరుస) వస్తాయి. నేనైతే సగంలో లెక్క తప్పి మళ్లీ మొదలుపెడుతుంటాను, అది వేరే సంగతి.

వెలుగు చాలకపోతే మొదట చెడేది ఈ అమరికే. ఆకుల మధ్య దూరం పెరిగి, కాండం బయటపడి, మొక్క పైకి సాగిపోతుంది. చాలామంది దాన్ని చూసి "అబ్బ, ఎంత బాగా ఎదుగుతోందో" అని మురిసిపోతారు (నేనూ మురిసిపోయాను). ఒకసారి సాగిన కాండం మళ్లీ పొట్టిదవ్వదు. తల కోసి, కోసిన చోటు ఎండేదాకా కొన్ని రోజులు నీడలో ఉంచి, పొడి మట్టి మీద కూర్చోబెట్టండి, వేర్లు వస్తాయి. మోడుని పారేయకండి, దాని పక్కల నుంచి పిలకలు వస్తాయి. ఇక మొక్కని ఎండకి మార్చేటప్పుడు రోజుకి కొంచెం కొంచెం అలవాటు చేయండి, లేకపోతే ఆకులు మాడి ఆ మచ్చలు అలాగే ఉండిపోతాయి.

[నీళ్ల డబ్బా పట్టుకుని]

నీళ్ల విషయానికొద్దాం, ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. ఇవి పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డై ఆక్సైడ్ పీల్చి, దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు వెలుగు రాగానే వాడుకుంటాయి. ఎండలో నీరు ఆవిరైపోకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. అంత పొదుపుగా బతికే మొక్కకి వారానికి రెండుసార్లని క్యాలెండర్ పెట్టి పోస్తే ఏమవుతుంది? వేర్లు కుళ్లిపోతాయి.

కింది ఆకు పట్టుకుని చూడండి. మెత్తబడి ముడతలు పడితే దాహం. పసుపుబారి, లోపలి నుంచి నీళ్లు కనిపించేలా మారి, తాకగానే ఊడిపోతే ఎక్కువైనట్టు. అన్నిటికన్నా అడుగు ఆకు ఒక్కటే కాగితంలా ఎండితే టెన్షన్ వద్దు, దాని వయసైపోయింది. పోసేటప్పుడు కుండీ అడుగు నుంచి కారేదాకా పోయండి, రోజెట్ మధ్యలో నీళ్లు నిలవనివ్వకండి, మట్టి పూర్తిగా ఆరేదాకా మళ్లీ ముట్టుకోకండి. మట్టిలో సగం దాకా చిన్న కంకరో ముతక ఇసుకో ఉండాలి, కుండీకి చిల్లు తప్పనిసరి.

ఆకుల మీద బూడిదలా ఉన్నది దుమ్ము కాదు, తుడవకండి! ఎండ నుంచి కాపాడే మైనపు పొర అది, చెరిపితే ఆ ఆకు మీద మళ్లీ సరిగ్గా రాదు, మీ వేలిముద్ర ఆకు రాలేదాకా ఉంటుంది.

అన్ని రోజెట్లూ ఒకేలా ప్రవర్తించవు. కానరీ దీవుల ఇయోనియం ఎండాకాలంలో నిద్రపోతుంది, ఆకులు ముడుచుకుంటుంది, అప్పుడు జాలిపడి నీళ్లు కుమ్మరించకండి. సెంపర్వైవమ్‌లో పూసిన రోజెట్ చనిపోతుంది, కానీ అప్పటికే చుట్టూ పిల్లలు పెట్టి ఉంటుంది. ఎచెవేరియాకి ఆ బాధ లేదు, దాని పూకాడ పక్క నుంచి వస్తుంది.

[చేతిలో ఒక ఆకు]

చివరిగా, ఆకుతో కొత్త మొక్క. ఎచెవేరియా ఆకుని అటూ ఇటూ కదిలించి, మొదలు తెగకుండా పూర్తిగా ఊడదీయండి, మొదలు కాండానికే ఉండిపోతే మొలక రాదు. పొడి మట్టి మీద పడేసి మర్చిపోండి. కొన్ని వారాలకి గులాబీరంగు వేర్లు, ఆ తర్వాత బఠాణీ గింజంత రోజెట్ కనిపిస్తాయి. ఇయోనియం, సెంపర్వైవమ్ ఆకులతో మాత్రం ఇది మామూలుగా కుదరదు. పాత ఆకు ముడుచుకుపోతుంటే పీకేయాలనిపిస్తుంది, పీకకండి, బుజ్జి మొక్క ఇంకా దాన్నే తాగుతోంది.