రోజూ వచ్చే మనిషికి జీతం ఎవరిస్తారు?

(హనుమకొండలో స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, కాలనీ సంఘాల ప్రతినిధులు, సోషల్ వర్క్ విద్యార్థులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన తమ్ముడు సంఘ సేవకురాలు అన్నాడు. అంత లేదు. నేను లెక్కలు రాసే మనిషిని. ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తూ వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో చిన్నా చితకా సంస్థల పుస్తకాలు చూస్తూ వచ్చాను. పిల్లల హోమ్, వృద్ధాశ్రమం, కాలనీ సంఘం, కుల సంఘం హాస్టల్, రక్తదానం గ్రూపు, ఏదైతేనేం, మార్చి దాటితే అందరి రసీదు బుక్కులూ మా టేబుల్ మీదికే వస్తాయి. సేవ గురించి బాగా మాట్లాడేవాళ్లు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నేను ఖర్చు గురించి మాట్లాడతాను.

మన ఊళ్లో దాతలకు కొదవ లేదు. బియ్యం అయిపోయాయని నలుగురికి చెబితే వారం తిరిగేలోపు సంచులు దిగుతాయి. చలికాలం వస్తే దుప్పట్లు, జూన్ వస్తే నోటుబుక్కులు. బీరువాలు, వీల్‌ఛైర్లు, వాటర్ ఫిల్టర్లు కూడా ఇస్తారు. వాటి మీద పేరు రాయించుకోవచ్చు కదా. ఒక వృద్ధాశ్రమంలో ఫ్యాన్ రెక్కల మీద దాత తండ్రిగారి పేరు రాయించారు. ఫ్యాన్ తిరుగుతుంటే చదవలేం. కరెంటు పోయినప్పుడే ఆయనెవరో తెలుస్తుంది.

అదే ఆశ్రమంలో రాత్రిపూట మంచం దిగలేని పెద్దవాళ్లకు పక్కబట్టలు మార్చే ఆయమ్మ ఉండేది. ఒంటిగంటకు లేపినా లేచేది. ఆమె జీతం కోసం నిర్వాహకుడు ప్రతి నెలా ఇరవై ఐదో తారీఖు నుంచే టెన్షన్ పడేవాడు. స్టోర్‌రూంలో దుప్పట్లు పైకప్పు దాకా ఉన్నాయి, ఆమెకు మాత్రం రెండు నెలల బాకీ. చివరికి ఆమె ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చేరిపోయింది. ఎవరు తప్పు పడతారు? ఆమెకూ ఇంటి కిరాయి కట్టాలి.

నేను చూసిన సంస్థల్లో మూతపడ్డవాటిలో ఎక్కువ భాగం బియ్యం లేక మూతపడలేదు. రోజూ వచ్చే మనిషిని నిలబెట్టుకోలేక మూతపడ్డాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టే తిరుగుతుంది.

వరంగల్‌లోని మన పెద్ద సర్కారు దవాఖాన, ఎంజీఎం ఆసుపత్రి సంగతి తీసుకోండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, గోదావరి ఒడ్డు ఊళ్లు, అన్నిచోట్ల నుంచీ పేదవాడు చివరికి వచ్చేది అక్కడికే. రోగితో పాటు వచ్చినవాళ్లు చెట్ల కింద, వరండాల్లో రోజులు వెళ్లదీస్తారు. వాళ్లకు అన్నం పెట్టాలన్న మనసు మన జనానికి ఉంది. కానీ ఆదివారమో, పండగో, ఎవరి పెళ్లిరోజో అయితే ఒకే గంటలో పులిహోర బండి, బగారన్నం బండి, అరటిపళ్ల ఆటో వరుసగా వచ్చి నిలబడతాయి. మామూలు మంగళవారం రాత్రి ఎనిమిదింటికి ఒక్కటీ ఉండదు. ఏ రోజు ఎవరు పెడుతున్నారో ఒక నోటుబుక్కులో రాసి, ఫోన్లు చేసి రోజులు సర్దే మనిషి ఒకరుంటే చాలు. అన్నం ఖర్చు పైసా పెరగకుండా వారమంతా నడుస్తుంది. ఆ మనిషి ఫోన్ రీచార్జి ఎవరు చేయిస్తారన్న దగ్గరే ఆగిపోతాం.

ఇంకా దగ్గరగా చెబుతాను. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చేతిలో మూడు చీటీలు పట్టుకుని నిలబడి ఉంది. ఒకటి రక్త పరీక్షకు, ఒకటి ఎక్స్‌రేకు, ఇంకొకటి బయట మందుల షాపుకు. ఆమెకు మూడూ ఒకటే. మాకు తెలిసిన కొందరు రిటైర్డ్ ఉద్యోగులు అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, చదువుకున్న ఒక అమ్మాయిని కూర్చోబెట్టారు. చీటీ చదివి, ముందు ఎక్కడికి పోవాలో, ఏ గదికి పన్నెండులోపు పోవాలో చెప్పడమే ఆమె పని. మొదటి వారంలోనే కుర్చీ చుట్టూ గుంపు. ఆ అమ్మాయి జీతం, బస్ పాస్ కోసం ఒక వ్యాపారిని అడిగాం. మంచి మనిషి, ఏటా లక్షలు ఖర్చు పెడతాడు. "జీతాలకైతే వద్దక్కా, ఏదన్నా వస్తువు చెప్పండి, రేపే పంపిస్తా" అన్నాడు. అన్నట్టే తెల్లారి నాలుగు స్టీలు కుర్చీలు పంపించాడు, వెనకాల పేరుతో సహా. కూర్చునే మనిషి ఒక్కతే.

ఇప్పుడు ఆ జీతం పింఛనుదారులే నెలకు రెండొందల చొప్పున వేసుకుని ఇస్తున్నారు. ఎవరైనా ఒక నెల మరిచిపోతే ఆ అమ్మాయి మొహమాటపడి అడగదు. మనమే గుర్తు చేయాలి.

వరదల నాటి మాట కూడా చెప్పాలి. 2023 జూలై చివర్లో హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరికి ఊరే నీళ్లలో చిక్కుకుంటే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మన కాలనీల్లో ముందుగా దిగింది ఎవరనుకున్నారు? వినాయక మండపం కమిటీల పిల్లలు. వాళ్ల దగ్గర మోకులున్నాయి, టార్పాలిన్లున్నాయి, జనరేటర్ ఉంది, వందమందికి వండే గంజులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, చందా వసూలు చేసిన ప్రతి ఇంటి ఫోన్ నంబరూ ఉంది. ఏ ఇంట్లో మంచానపడ్డ ముసలాయన ఉన్నాడో, ఏ ఇంట్లో బాలింత ఉందో వాళ్లకు నోటికి తెలుసు. రిజిస్ట్రేషన్ లేదు, ఆడిట్ లేదు, మా ఆఫీసుకు ఎప్పుడూ రాలేదు. నా వృత్తికి ఇది కాస్త అవమానమే అయినా, ఆ రెండు రోజులు వాళ్లను మించిన సంస్థ ఈ ఊళ్లో లేదు.

మూడో రోజు నుంచి బయటి సాయం వచ్చింది. బ్రెడ్డు ప్యాకెట్లు కుప్పలు కుప్పలు. తినేవాళ్లు లేక బూజు పట్టాయి. ఆడవాళ్లు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగింది నైటీలు, లోపలి బట్టలు, ప్యాడ్లు. ఒకావిడ సంచిలోంచి తడిసిన కాగితాల ముద్ద తీసింది. కొడుకు టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం, అన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. కాలేజీ పిల్లలు కొందరు వాటిని ఒక్కో పొర విడదీసి, పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టారు. ఆరినా కొన్నిటి మీద అక్షరం మిగల్లేదు. మరి డూప్లికేట్ తెప్పించాలంటే దరఖాస్తు, ఫీజు, ఆఫీసు చుట్టూ తిరగడం, నెలల పని. ఆలోపు వినాయక చవితి వచ్చింది, మండపం పిల్లలు వాళ్ల పనిలో పడ్డారు. కాలేజీ పిల్లలకు పరీక్షలు. ఫైళ్లు పట్టుకుని తిరగడానికి ఒక మనిషిని ఆరు నెలలు పెడదామంటే, బ్రెడ్డుకు లక్షలిచ్చిన చోట వేలు రాలేదు.

కాగితాల మాటకొస్తే నాలుగు ముక్కలు చెప్పి తప్పుకుంటాను, ఇది నా తిండి కాబట్టి. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే సంస్థ రిజిస్టర్ అవుతుంది. చాలాచోట్ల ఆ ఏడుగురూ భార్య, బావమరిది, తోడల్లుడు, పక్కింటాయన. రిజిస్ట్రేషన్ రోజు స్వీట్లు పంచుతారు, ఆ తర్వాత ఏటా ఇవ్వాల్సిన కమిటీ జాబితా ఇవ్వరు. విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జి విషయానికొస్తే, రెండు వేల రూపాయలు దాటి నగదు ఇస్తే దాతకు పన్ను మినహాయింపు రాదు. చెక్కో ఫోన్‌పేనో అడగండి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80జి అసలే వర్తించదు. పన్ను తగ్గుతుందని చెప్పి జీతగాళ్ల దగ్గర విరాళం తెచ్చే రోజులు సగం పోయినట్టే.

విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ మన జిల్లాల చిన్న సంస్థలను గట్టిగానే తాకింది. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడం ఆగిపోయింది. పెద్ద సంస్థల దగ్గర నిధి తీసుకుని మండలాల్లో పనిచేసినవాళ్లకు దారి మూసుకుపోయింది. దుర్వినియోగం జరగలేదని నేను అనను, పుస్తకాలు చూసిన మనిషిని. కానీ కోత పడింది కార్లకు కాదు, ముందు ఫీల్డ్‌లో తిరిగే అమ్మాయిల పెట్రోలు డబ్బులకు పడింది.

ఇక కంపెనీల సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి, తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. కంపెనీలన్నీ హైదరాబాద్ చుట్టూ ఉన్నప్పుడు ఆ ప్రాధాన్యం ఎటు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇటు వచ్చినా ఏడాది ప్రాజెక్టుగా వస్తుంది. ఏడాదిలో ఫొటో తీయగలిగే పని కావాలి. ముసలమ్మకు చీటీ చదివి చెప్పడం ఫొటోలో ఏం కనిపిస్తుంది?

మరి నిలిచినవి ఎలా నిలిచాయి? ఇక్కడికి దగ్గర్లోనే, భీమదేవరపల్లి మండలం ముల్కనూరు ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు రైతులను కూడగట్టి పెట్టిన సహకార సంఘం. అప్పు ఇస్తుంది, ఎరువులు, విత్తనాలు ఇస్తుంది, ధాన్యం కొంటుంది. ఆ ఊరి పేరుతోనే ఆడవాళ్ల పాల డెయిరీ కూడా ఉంది, స్వకృషి పాలు మనలో చాలామంది ఇళ్లకు వస్తాయి. అక్కడ మేనేజరుకు జీతం ఇవ్వడం గురించి ఎవరూ సిగ్గుపడరు. జీతం పోసేది సభ్యురాలి పాలల్లోంచే కాబట్టి పని జరగకపోతే ఆమె ఊరుకోదు. "నా పాలకు వెన్న శాతం ఎందుకు తక్కువ పడ్డది?" అని అడిగే హక్కు ఆమెకు ఉంది. ఆశ్రమంలో దుప్పటి తీసుకున్న పెద్దాయన దాతను ఏమడగగలడు? దండం పెట్టడం తప్ప.

మన పట్టణంలోనూ ఈ పద్ధతి లేకపోలేదు. బస్తీల్లో పొదుపు సంఘాల అక్కలు ప్రతి నెలా కూర్చుని పుస్తకం రాస్తారు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో పదిమందిలో చదువుతారు. కాస్త గొడవ అవుతుంది. ఆ గొడవే వాళ్ల ఆడిట్. ఇంకా వెనక్కి పోతే, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చదవడానికి చోటు కావాలనుకున్న ఊరివాళ్లు కలిసి నడిపిన గ్రంథాలయం. గస్తీ నిషాన్ 53 అనే 1929 నాటి నిజాం సర్కారు ఉత్తర్వుతో సభ పెట్టాలన్నా అనుమతి అడగాల్సిన రోజులనూ దాటుకుని వచ్చింది. మంచి ఆశయం ఒక్కటే దాన్ని ఇంతకాలం మోసిందని నేను నమ్మను. పొద్దున తాళం తీసి, సాయంత్రం పుస్తకాలు లెక్కపెట్టి, మళ్లీ తాళం వేసిన మనుషులు తరతరాలుగా ఉండి ఉండాలి. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

మీలో కొందరికి సందేహం రావచ్చు. ముల్కనూరు రైతుకు ధాన్యం ఉంది, డెయిరీ ఆడవాళ్లకు పాలున్నాయి, సభ్యులయ్యారు. దిక్కులేని రోగి, అనాథ పిల్లవాడు ఏం పెట్టి సభ్యులవుతారు? నిజమే. ముల్కనూరు పద్ధతి ఇక్కడ అచ్చంగా దింపలేం. నేను చెప్పగలిగిందల్లా, దాతనే సభ్యుడిగా మార్చమని. ఏడాదికోసారి యాభై వేలిచ్చి ఫొటో దిగే ఒక్కరికన్నా నెలకు రెండొందలిచ్చి, మూడు నెలలకోసారి మీటింగులో కూర్చుని "ఈ వోచర్ ఏంటి?" అని అడిగే ఇరవై మంది మేలు. ఒక సంస్థ రసీదు బుక్కులో "జీతాల నిధి" అని విడిగా ఒక గీత వేయించాం. మొదట్లో నవ్వారు. సేవ చేస్తూ జీతమా అన్నారు. అన్నవాళ్లలో ఒకాయన బ్యాంకు మేనేజరు, ఆయన ఏనాడూ జీతం లేకుండా బ్రాంచి తెరవలేదు. ఇప్పుడు ఆ గీత మీద నెలకు సగం జీతం దాకా వస్తోంది. మిగతా సగానికి ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

సోషల్ వర్క్ చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఏ సంస్థలోనైనా చేరేముందు మీ జీతం ఏ తారీఖుకు వస్తుందో అడగండి. అడిగితే చెడ్డవాళ్లవుతామని అనుకోకండి. తర్వాత తీర్మానాల పుస్తకం చూపించమనండి. అందులో ఎవరూ ఎవరితోనూ విభేదించకుండా, అన్నీ ఏకగ్రీవంగా, ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసినట్టుంటే ఆ సంస్థ ఒక్క మనిషి మీద నడుస్తోందని అర్థం. ఆ ఒక్క మనిషి మంచివాడే కావచ్చు. ఆయనకు జ్వరం వస్తే ఏమవుతుందో మాత్రం ఆయననే అడగండి.

నాకిచ్చిన టైం అయిపోయిందని తమ్ముడు చీటీ పంపించాడు. ప్రశ్నలుంటే అడగండి. 80జి రెన్యువల్ గడువు దాటిపోయినవాళ్లు మాత్రం టీ తర్వాత ఆగండి, ఆ కాగితాలు విడిగా కూర్చుని చూద్దాం.