పొట్టు గదికి గాలి ఆడాలి
(పలాస ప్రాంత జీడి పరిశ్రమల యజమానులు, మేస్త్రీల కోసం ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పొట్టు తీసే గది సంగతే ఈ రోజు మాట్లాడతాను. పప్పు పొట్టు ఎగురుతుందని ఫ్యాన్లు ఆపేస్తాం, ఈగలొస్తాయని కిటికీలు మూసేస్తాం. ఇక లోపల పక్కపక్కనే కూర్చున్న ముప్పై మందీ పొద్దస్తమానం ఒకరు వదిలిన గాలి ఒకరు పీల్చాల్సిందే. రొంప పట్టినామె తుమ్మక్కర్లేదు, మాట్లాడినా సన్నని తుంపర వస్తుంది. పెద్ద చుక్కలు కింద పడిపోతాయి. సన్నవి మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. బల్లలు ఫినాయిల్‌తో ఎంత తుడిచినా వీటికేమీ కాదు.

గది 30 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు అనుకోండి. 6,000 ఘనపుటడుగులు. గాలి గంటకు కనీసం 5 సార్లు మారాలి కాబట్టి 30,000. అంటే దాదాపు 850 ఘనపు మీటర్లు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొనేటప్పుడు గంటకు ఎంత గాలి లాగుతుందో అడగండి. వాళ్లు చెప్పేది కొత్త ఫ్యాన్ లెక్క. జాలీకి పొట్టు పట్టాక అంత లాగదు. అందుకని ఒకటి సరిపోతుందన్నచోట రెండు పెట్టండి, జాలీ వారం వారం దులపండి. ఇది పైనుంచి బయటికి లాగే ఫ్యాన్, బల్ల మీదికి ఊదదు. పొట్టు ఎగురుతుందన్న భయం వద్దు.

ఎక్కువ మంది చేసే తప్పు, ఫ్యాన్ పక్క కిటికీయే తెరవడం. అందులో వచ్చిన గాలి అట్నుంచటే పోతుంది, అవతలి మూలకు అందదు. గాలి వచ్చే దారి ఎదుటి గోడకుండాలి, ఈగల జాలీతో. అన్నీ మూసేస్తే ఫ్యాన్ గిర్రున తిరుగుతుందే గాని, లాగడానికి గాలేదీ? దూరపు మూలలో అగరొత్తి వెలిగించండి. పొగ ఫ్యాన్ వైపు వాలాలి. అక్కడే సుడి తిరుగుతుంటే ఆ మూలకు గాలి ఆడట్లేదు. పప్పు రకాలు ఏరే గ్రేడింగ్ గదిలో స్ప్లిట్ ఏసీ ఉందంటారా, అది ఉన్న గాలినే చల్లబరుస్తుంది.

అన్నాల వేళ ఫ్యాన్ కట్టేయకండి. గంటకు 5 సార్లు గాలి మారే గదిలోనైనా, తేలే తుంపరలో నూటికి 99 వంతులు పోవడానికి 55 నిమిషాలు పడుతుంది.

చీర కొంగు అడ్డం పెడితే పెద్ద తుంపర ఆగుతుంది, సన్నది ఆగదు. దగ్గేవాళ్లకు ఎన్95 మాస్కు ఇవ్వండి, ముక్కు మీది తీగ నొక్కి పెట్టుకోమనండి.

అసలు చిక్కు కూలి దగ్గరుంది. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషి "ఒంట్లో బాగోనేదు" అని ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే పారాసిటమాల్ మింగి వస్తుంది. మాత్రతో జ్వరం తగ్గుతుంది గాని అంటించడం ఆగదు. ఫ్లూ ఎక్కువగా అంటుకునేది మొదటి మూడు రోజుల్లోనే. ఈఎస్‌ఐ బీమా ఉంటే జబ్బు సెలవుకు 70 శాతం కూలి వస్తుంది, కాని మామూలుగా మొదటి రెండు రోజులకు రాదు. ఆ రెండు రోజుల కూలి యజమాని ఇవ్వాలన్నది నా మాట. రోజుకు తీసే పొట్టు సగటు చూసి లెక్క కట్టండి. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతే, మిగతా నలత కూడా తగ్గుముఖం పడితే పనిలోకి రానివ్వండి. ఆపై ఐదు రోజులు మాస్కుతో, కిటికీ దగ్గరి బల్ల మీద.