కన్యాశుల్కంలో పేర్లు

సభకు నమస్కారం.

గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం గురించి మాట్లాడమంటే అందరూ గిరీశంతో మొదలుపెడతారు. నేను లుబ్ధావధాన్లుతో మొదలుపెడతాను. లుబ్ధుడంటే పిసినారి. కన్నకొడుక్కి ఆ పేరు ఎవరైనా పెడతారా? పెట్టరు. అయినా నాటకం చూస్తున్నంతసేపూ మనకా అనుమానం రాదు. వెనకున్న ‘అవధానులు’ ముందున్న మాటను కప్పేస్తుంది. వేదం క్షుణ్ణంగా వచ్చినవాడికి దక్కే గౌరవం అది. గురజాడ దాన్ని తీసుకెళ్ళి పిసినారితనానికి అతికించి, ఊరందరి చేతా ‘గారూ’ అని మర్యాదగా పిలిపించాడు.

అగ్నిహోత్రావధాన్లు సంగతి వేరు. ఆ పేరు అగ్రహారాల్లో నిజంగా వినిపించేదే. మాటంటే చాలు భగ్గుమంటాడు కాబట్టి, కోపిష్ఠివాడికి తగిన పేరే పెట్టాడనుకుని నవ్వుకుంటాం. నేనూ చాలాకాలం అంతే అనుకున్నాను. కానీ మన పెళ్ళికి సాక్షి ఎవరు? అగ్నిహోత్రుడే కదా! ఇక్కడ ఆ సాక్షే బేరగాడయ్యాడు. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివాడికి కట్టబెట్టాడు, ఆ పిల్ల విధవై ఇంట్లో కూర్చుంది. అది కళ్ళెదుట తిరుగుతుండగానే చిన్నపిల్ల సుబ్బిని ఇంకో ముసలివాడికి, మన లుబ్ధావధాన్లుకే, ఖాయపరిచి వచ్చాడు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఈ నాటకం చూసినవాళ్ళకు ఈ పేరు ఇంకా గట్టిగా తగిలి ఉంటుంది.

కరటకశాస్త్రి పేరు పంచతంత్రంలోది. నీతిచంద్రిక చదివినవాళ్ళకు కరటక దమనకులు గుర్తుండే ఉంటారు. రెండూ నక్కలే. చిచ్చుపెట్టేది దమనకుడు, వద్దురా అని చెప్పి చూసేది కరటకుడు. మన శాస్త్రి కూడా జిత్తులమారే. శిష్యుడికి చీరకట్టి పెళ్ళికూతురని లుబ్ధావధాన్లుకే అమ్మేశాడు! అయితే అదంతా మేనకోడలు సుబ్బి గొంతు కోయకుండా ఆపడానికి. అగ్ని పేరువాడు పిల్లను అమ్మితే, నక్క పేరువాడు కాపాడాడు.

ఇంకో చిన్న తమాషా. గిరీశం, వెంకటేశం, మహేశం. ముగ్గురూ ‘ఈశు’లే, ఏలుకోవడానికి ఒక్కరికీ ఏమీ లేదు. పరీక్ష తప్పిన తన విద్యార్థి వెంకటేశాన్ని గిరీశం ‘మై డియర్ షేక్‌స్పియర్’ అంటాడు చూడండీ, ఆ పిలుపు ముందు అసలు పేరే వెలవెలబోతుంది. ఆ చీర కట్టిన శిష్యుడేమో మహేశం. సగం ఆడరూపమున్న దేవుడి పేరు! గురజాడ అనుకునే పెట్టాడో, నాకే అలా తోస్తోందో మరి.

వకీలు సౌజన్యారావు పేరు మాత్రం నాకు నచ్చదు. నుదుట చీటీ అంటించినట్టుంటుంది. పైగా ఆ సౌజన్యం వేశ్య గడప దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. మగవేషంలో వచ్చి వేశ్య మధురవాణే ఆయనకు బుద్ధి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ మాట తియ్యనే గానీ, ఆ తీపిలో ఎంత చురక ఉందో తగిలినవాళ్ళకే తెలుసు.

చివరగా పూటకూళ్ళమ్మ. ఇంతమందికి ఏరి ఏరి పేర్లు పెట్టిన మనిషి ఈవిడను వృత్తితోనే సరిపెట్టాడు. విధవ, నలుగురికీ వండిపెట్టి బతుకుతుంది. ఆమె డబ్బు గిరీశం మధురవాణికి తగలేశాడు. అతన్ని వెతుక్కుంటూ చీపురుకట్ట పట్టుకుని ఆ ఇంటికే వచ్చింది. గిరీశం మంచం కింద దూరాడు. అక్కడే మధురవాణి కొత్త విటుడు రామప్పంతులూ ఉన్నాడు. గిరీశం తప్పించుకున్నాడు, దెబ్బ పంతులుకు తగిలింది. హాలంతా పగలబడి నవ్వుతుంది. చీపురు పట్టుకుని వచ్చిన ఆమె పేరేమిటని మాత్రం ఎవరూ అడగరు.