ఈస్ట్ నూనె వస్తే ఆయిల్ పామ్ రైతు గతేంది? నల్లగొండ స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఈస్ట్‌తో వంటనూనె తీయొచ్చన్న మాట నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆయిల్ పామ్ రైతుల్లో గుబులు రేపింది. మేడం, మన కల్లు కుండలో ఈస్ట్ నూనె ఇయ్యదా?

లెక్చరర్: ఇవ్వదండి. కల్లులోని శాకరోమైసిస్ అనే ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది, కొవ్వు దాచేది కొద్దిగానే. నూనెకు యారోవియా లాంటి ఈస్ట్‌లు కావాలి. నత్రజని తగ్గించి చక్కెర దండిగా పెడితే...

రైతు నాయకుడు: ఆగుండ్రి మేడం. నాలుగేండ్లు కాత కోసం ఎదురుచూసిన రైతుకు ఏం చెప్తరు?

లెక్చరర్: చెప్పనివ్వండి. నత్రజని లేకుంటే కణం ప్రొటీన్లు చేసుకోలేదు, విభజన ఆగుతుంది. మిగిలిన చక్కెర సిట్రేట్ అనే పదార్థం మీదుగా కొవ్వై, కణంలోనే బొట్లుబొట్లుగా చేరుతుంది. పొడి బరువులో 20 శాతం దాటితేనే నూనె ఈస్ట్ అంటాం.

యాంకర్: గదే పని కల్లు కుండలో చేస్తే?

లెక్చరర్: శాకరోమైసిస్‌లో కొవ్వు తయారీ మీద కట్టడి వేరండి. ఇనోసిటాల్ అనే పోషకం దొరకగానే ఫాస్ఫాటిడిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం ఖర్చైపోతుంది. ఆ ఆమ్లాన్ని పట్టుకుని కణంలోపలి పొరకు అంటుకున్న ఓపీఐ1 ప్రొటీన్ ఊడి, కేంద్రకంలోకి పోయి, ఫాస్ఫోలిపిడ్‌లు, అంటే పొర కొవ్వులు, చేసే జన్యువులను ఆపేస్తుంది. గ్లూకోజ్ అయిపోతే ఎస్ఎన్ఎఫ్1 ఎంజైము కొవ్వు తయారీని మొదటి మెట్టు దగ్గరే...

రైతు నాయకుడు: గ్లూకోజ్ అన్నరు! ఎంత పడ్తది? అది చెప్పుండ్రి.

లెక్చరర్: కాగితం లెక్కలో 100 గ్రాములకు సుమారు 32 గ్రాముల కొవ్వు. ఈస్ట్ పెంచే ట్యాంకులో ఇంకా తక్కువే.

రైతు నాయకుడు: ఇగ సూడుండ్రి! మూడు కిలోల చక్కెర పోస్తే కిలో నూనె! ఆ చక్కెర యాడికెళ్లి వస్తది? చెరుకు కాడికెళ్లి, మక్కల కాడికెళ్లి! మల్ల మా పొలమే గద!

పోషకాహార నిపుణురాలు: నాదొక్క మాట. చలిలో కణం పొర గట్టిపడకుండా ఈస్ట్ ఓఎల్ఈ1 ఎంజైముతో అసంతృప్త కొవ్వు, అంటే తేలిగ్గా గడ్డకట్టని కొవ్వు, పెంచుకుంటుంది. అంటే వేడిని మారిస్తే నూనె గుణం కూడా...

రైతు నాయకుడు: గుణం తర్వాత, అమ్మా. 2021ల కేంద్రం ఆయిల్ పామ్ మిషన్ తెచ్చింది, మమ్మల్ని తోటలు పెట్టుమన్నరు. ఇప్పుడు ట్యాంకు నూనె అంటే ఎట్ల?

లెక్చరర్: యారోవియా గ్లిజరాల్ మీద కూడా పెరుగుతుంది, చక్కెరే కానక్కర్లేదు. మీ లెక్క...

రైతు నాయకుడు: మూడు కిలోలకు కిలో! మీరే అన్నరు!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: సార్ లెక్కలో బలముంది మేడం. కల్లు కుండ సంగతి మాత్రం తేలలే...

లెక్చరర్: రెండుసార్లు చెప్పానండి!

యాంకర్: టైం అయింది. సార్, చివరిగా?

రైతు నాయకుడు: మూడు కిలోలకు కిలో. రాసుకోండ్రి.