బియ్యం వచ్చినాయి, కూర రాలేదు

(కళ్యాణదుర్గం దగ్గరి ఒక పల్లెలో మహిళా సంఘాల సభలో చేసిన ప్రసంగం)

అక్కలకు, అన్నలకు, వేపచెట్టు కట్ట మీద కూర్చున్న పెద్దలకు నమస్కారం. సర్పంచ్ గారు నన్ను ఆపద కాలంలో ఇంటి దొడ్డి గురించి మాట్లాడమన్నారు. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. ఎక్కడైనా పాఠంలా సాగితే చెయ్యెత్తండి, ఆపేస్తాను.

2020 మార్చి 25. లాక్‌డౌన్ మొదలైన రోజు. నేను అనంతపురంలో మూడో అంతస్తులో అద్దెకున్నాను. మా అమ్మ పల్లెలో ఒక్కతే. మామూలుగా అయితే నేను ఆమె గురించి టెన్షన్ పడాలి. జరిగింది వేరు. రోజూ పొద్దున ఫోన్ చేసి "ఈ పొద్దు ఏం కూర?" అని ఆమే అడిగేది. మా ఇంట్లో బియ్యం ఉన్నాయి, కందిబేడలు ఉన్నాయి. కూరకే కటకట. సడలింపు ఇచ్చిన కాసేపట్లో సంచి పట్టుకుని పరిగెత్తితే, వాడిపోయిన వంకాయలు నాలుగు దొరికితే దొరికినట్టు. అమ్మ దొడ్లో మునగచెట్టు, సొరపాదు, మిరపచెట్లు, కరివేపాకు, ఆరు కోళ్లు. ఆ నెలంతా ఆమె అంగట్లో కొన్నది ఉప్పు, నూనె, టీపొడి.

అదే నెలలో ఇంకో చోద్యం చూశాం. చీనీ, అదే బత్తాయి, తోటల్లో కాయ చెట్టుకే ఉండిపోయింది. కర్బూజ కోసినవాళ్లకు లారీ దొరకలేదు, కాయలు గట్టున కుప్పపడి మురిగిపోయినాయి. ఐదెకరాల తోట ఉన్న ఆసామి ఇంట్లో పచ్చిమిరపకాయ లేదు! నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ ఆసామి మా బంధువే.

సర్కారు మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది. లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగింది దాని వల్లే, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే బియ్యం వచ్చినాయి గానీ కూర రాలేదు. ఉత్త అన్నం, కారప్పొడి తిని పిల్లలు ఎన్ని రోజులుంటారు? నేను చెప్పొచ్చిన దొడ్డి ఆ కూర కోసం. అంతకు మించి నేను ఆశ పెట్టను.

ఈ మధ్య "స్వయం సమృద్ధి" అనే మాట బాగా వినపడుతోంది. పట్నం ఉద్యోగం వదిలేసి, ఎకరా కొని, అన్నీ మేమే పండించుకుంటాం అనేవాళ్ల వీడియోలు మీ పిల్లల ఫోన్లలో కూడా ఉంటాయి. నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. మా అవ్వ కాలంలో కూడా ఉప్పు బయటి నుంచే వచ్చేది, కొడవలి కమ్మరాయన చేసిచ్చేవాడు. ఎవరూ అన్నీ చేసుకోలేదు. రెండు మూడు నెలలు అంగడి మూతపడినా, చేతిలో డబ్బు ఆడకపోయినా, ఇంటాయన ఆస్పత్రి పాలైనా, పొయ్యి మీద సంగటి, దాని పక్కన పులుసు ఉండేవి. అది మన వల్ల కూడా అవుతుంది.

మన అనంతపురం జిల్లాకు ఇది కొత్త విద్య కాదు. ఒకప్పుడు చేలో జొన్న, కొర్ర, కంది, అలసంద, అనప సాళ్లు సాళ్లుగా కలిపి వేసేవాళ్లు. ఒకటి పోతే ఒకటి నిలిచేది. తర్వాత చెనిక్కాయ, అదే వేరుశనగ, వచ్చింది. డబ్బులు చూపించింది, అబద్ధం కాదు. దేశంలో ఏ జిల్లాలోనూ లేనంత చెనిక్కాయ మన దగ్గర వేసినాం. చేలో ఒకటే పంట మిగిలేసరికి ఇంట్లో కుండలు ఖాళీ అయినాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని చోట, ఒక్క గింజ మీద సంసారం పెట్టుకున్నాం.

మా అవ్వవాళ్ల ఇంటి ముందర పాతర ఉండేది. నేలలో పెద్ద బాన ఆకారంలో తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, బండ మూసి మట్టితో మెత్తేవాళ్లు. గింజ కూడా ఊపిరి పీలుస్తుంది. లోపలున్న ఆక్సిజన్ అయిపోయి కార్బన్ డయాక్సైడ్ నిండితే పురుగు చస్తుంది. మనిషి దిగినా చస్తాడు. అందుకని బండ తీసిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాళ్లు కాదు. మా తాత తాడుకు దీపం కట్టి మెల్లగా దించేవాడు. నేను మోకాళ్ల మీద వంగి చూస్తున్నా. సగం దూరం పోయిందో లేదో, గాలి లేదు ఏం లేదు, దీపం టప్పున ఆరిపోయింది. "ఇంకా ఆగాల" అన్నాడు తాత. తర్వాత ఎన్నో ఏళ్లు క్లాసులో ఈ వాయువు గురించి చెప్పాను, ఆ దీపం చూపించినంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు పాతర తవ్వమని చెప్పను. విత్తనం కుండ చాలు. అలసందలు, అనపగింజలు కొరికితే టక్కున విరిగేదాకా ఎండబెట్టండి. జల్లించిన పొయ్యి బూడిదలో కలిపి, కుండలో నిండా పోసి, మూతికి గుడ్డ కట్టి మట్టి మెత్తండి. బూడిద గింజల సందుల్లో నిండితే పురుగు తిరగలేదు. దాని ఒంటి మీది మైనపు పొర గీసుకుపోయి ఒంట్లో తడి ఆరిపోతుంది. అందుకే చస్తుంది. గ్యాస్ పొయ్యి వచ్చాక బూడిద ఎక్కడిది సార్ అంటారా? నీళ్లు కాచే పొయ్యి ఇంకా చాలా ఇళ్లలో ఉంది కదా!

విత్తనం దగ్గర నేనూ బోల్తాపడ్డాను. మిద్దె మీద హైబ్రిడ్ టమాటా పెట్టాను, బ్రహ్మాండంగా కాసింది. వాటి గింజలే దాచి మరుసటేడు వేస్తే ఒక చెట్టుకు గోలీలంత, ఒక చెట్టుకు సగం పుచ్చులు, ఒకదానికి ఆకులే. హైబ్రిడ్ గింజ దాస్తే తల్లి చెట్టులాంటిది రాదని పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పినవాణ్ణే నేను! నాటు విత్తనం మీ ఊళ్లో ఏ ముసలమ్మ దగ్గరుందో ఆమెను పట్టుకోండి.

ఇక నీళ్లు. ఇరవై అడుగులకు ముప్పై అడుగుల మిద్దె మీద మన 550 మిల్లీమీటర్ల వాన పడితే ఏడాదికి సుమారు 30 వేల లీటర్లు. సగం పోయిందనుకున్నా వెయ్యి బిందెలు. దానికి తొట్టి కట్టక్కర్లేదు. గొట్టం నీళ్లు మునగ పాదులోకి, అరటి పాదులోకి మళ్లిస్తే మట్టే పట్టుకుంటుంది. గిన్నెలు కడిగిన నీళ్లు కూడా అక్కడికే, ఆకుకూరల మీద మాత్రం సబ్బునీళ్లు పొయ్యొద్దు. ఎండాకాలంలో బీర, కాకరకు నీళ్లు మోయలేరు, వదిలెయ్యండి. మునగ ఒక్కటి బతికితే చాలు, ఆకు కూరవుతుంది, కాయ పులుసవుతుంది. తొలివానకు చేలల్లో చెంచలాకు, గురుగాకు తమంతట తామే మొలుస్తాయి. గడ్డి మందు కొట్టిన చేలో మాత్రం కోయకండి.

దొడ్డి అన్ని ఆపదలకూ మందు కాదు. 2009 అక్టోబర్‌లో కర్నూలు ఊళ్లోకి నీళ్లొచ్చినప్పుడు ఏ సొరపాదు ఎవరిని కాపాడింది? ఏదైనా మిగిలితే అటక మీద పెట్టింది మిగిలింది. విత్తనం కుండ కింద పెట్టొద్దని అందుకే చెప్తున్నా. 1876లో మొదలైన ధాత కరువు లాంటిది వస్తే పెరటి నీళ్లూ ఉండవు. సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు దొడ్డి ఎక్కడిది? వాళ్లకు గోడ వారగా ఒక తీగ, గడప పక్కన ఒక కరివేపాకు, అంతే. మిగిలింది పక్కింటి నుంచి రావాలి. మా అమ్మ కూడా సొరకాయలు పంచితేనే పక్కింటి మజ్జిగ తాగింది.

ఇంకో మాట, మగవాళ్లు వినండి. బిందె మోసేది ఎవరు? వంట, పాడి, కూలి, సంఘం కంతు, వాటి మీద ఇంకో పని ఆడవాళ్ల నెత్తిన పెట్టడానికి నేను రాలేదు. పాదులు తవ్వడం, కంప కట్టడం, సాయంత్రం నీళ్లు, ఈ మూడూ మీవి.

కంప అంటే గుర్తొచ్చింది. పొద్దున ఊళ్లోకి వస్తూ మూడు దొడ్లు చూశాను. మూడింట్లోనూ చిక్కుడు మొక్కలు మొదలు దాకా కొరికి ఉన్నాయి. నాలుగో ఇంటి ముందర మేక నిలబడి నన్నే చూస్తోంది. సర్పంచ్ గారూ, విత్తనాలు నేను సంచిలో తెచ్చాను, సభ అయ్యాక పంచుతాను. దానికన్నా ముందు ఆ మేకలు ఎవరివో, ఎక్కడ కడతారో ఇక్కడే తేల్చండి.